ఎవరి పేరు పక్కన ఏ పని?

మా పిన్ని ఇంట్లో రేకులు తీసే కొట్టం పెరటివైపు ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికే అక్కడ పొగ లేస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పలచగా కలిపిన బియ్యప్పిండి, అందులో ముంచిన పల్చటి గుడ్డ. ఆ గుడ్డని రెండు చేతులతో పట్టుకుని కాలుతున్న కుండ మీద పరిచి ఒక్క లాగు లాగాలి. మరుక్షణం కుండకి తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. అంచు దొరకబుచ్చుకుని లేపితే అది రేకు. ఆత్రేయపురం పూతరేకు గురించి అందరికీ తెలుసు. అది నోట్లో ఎలా కరిగిపోతుందో చాలామంది రాశారు. దాన్ని తీసే మనిషి మోచేతుల దాకా చర్మం ఎలా ఉంటుందో రాసినవాళ్ళు తక్కువ.

కిందటి మాఘమాసంలో ఓ పదిహేను రోజులు ఇంటి నుంచి పని చేసే వీలు దొరికితే పిన్ని దగ్గరికి వెళ్ళాను. రాజమండ్రిలో బస్సెక్కి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలవగట్టున వెళ్తుంటే నాకెప్పుడూ సెలవుల్లో ఇంటికొచ్చే చదువుకునే పిల్లలాగే అనిపిస్తుంది. ఆ వారం పిన్నికి రెండు పెళ్ళిళ్ళ ఆర్డర్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఏడుగురు ఆడవాళ్ళు, మూడు కుండలు, చేతిలో ఆరు రోజులు. "ఆ కంప్యూటర్లో ఎవరెవరు ఏ పని చెయ్యాలో రాస్తావంట కదే. మాకూ ఓ లెక్క వేసిపెట్టరాదూ" అంది పిన్ని. వేళాకోళంగానే అంది. నేను మాత్రం సీరియస్‌గా తీసుకున్నాను.

నా ఉద్యోగం అదే. పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ ప్లానర్‌ని. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, ఏది ముందో ఏది వెనకో తేల్చడం, ఒక్కో పని పక్కన ఒక్కో మనిషి పేరు రాయడం. ఆ చివరిదాన్ని మా భాషలో రిసోర్స్ అసైన్‌మెంట్ అంటారు. నేను వాడే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ మొదటి రూపం 1984లో వచ్చింది. దాని వెనక ఉన్న ఆలోచన ఇంకా పాతది. పనులని అడ్డగీతలుగా గీసి చూపే పటానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ గాంట్ పేరే ఉంది. ఆయన ఫ్యాక్టరీ కూలీ ప్రతి కదలికనీ గడియారంతో కొలిచిన టేలర్‌తో కలిసి పనిచేసినవాడు. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో లెక్కగట్టే పద్ధతులు 1957, 58లలో వచ్చాయి. ఒకటి ద్యూపాంట్ రసాయన కంపెనీలో, ఇంకొకటి అమెరికా నౌకాదళం క్షిపణుల పథకంలో. ఫ్యాక్టరీలో పుట్టి యుద్ధంలో పెరిగిన లెక్కని నేను రేకుల కొట్టంలోకి తీసుకొచ్చాను.

పని, మనుషులు, రోజులు - ఈ మూడింటికీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సూత్రం ఉంటుంది. మొత్తం పని గంటలు మారకూడదని చెప్పి ఒక పనికి ఇద్దర్ని పెడితే రోజులు సగానికి తగ్గిపోతాయి. "రేకులు తీయడం" అనే పనికి ఇంకో ఇద్దర్ని కలిపాను. తెర మీద గీత ఎంతో అందంగా కుంచించుకుపోయింది. పిన్నికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "మూడు కుండలకి అయిదుగురేంటే? ఒక కుండ మీద నాలుగు చేతులు ఎలా పడతాయి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ తప్పు కొత్తదేమీ కాదు. ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 1975లోనే దీని గురించి పుస్తకం రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. అన్ని పనులూ పంచుకోదగినవి కావని చెప్పడానికి ఆయనిచ్చిన ఉదాహరణ మా రంగంలో సామెతైపోయింది. ఎంతమంది ఆడవాళ్ళని పెట్టినా బిడ్డ పుట్టడానికి తొమ్మిది నెలలూ పడుతుందని. మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒప్పుకోవాల్సిన మాటే. కానీ వింటున్నప్పుడల్లా ఇంకోటి తోస్తుంది. మా శాస్త్రానికి ఆడదాని గర్భం ఒక పోలికగా గుర్తొస్తుంది. నిజంగా గర్భంతో ఉన్న మనిషి మా పట్టికలోకి వచ్చినప్పుడు మాత్రం ఆమె పేరు పక్కన "అందుబాటులో లేదు" అని పడుతుంది.

రెండో రోజు పట్టికని సరిదిద్దాను. ఒక్కో కుండకి ఒక్కొక్కరే. ఏడుగురిలో అందరూ మామ్మ అని పిలిచే ఒకావిడ ఉంది. అరవై దాటాయి. ఈ పని పిన్నికి నేర్పింది కూడా ఆవిడే. ఈ మధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, నడుం పట్టేస్తోంది. నేను ఆవిడ పేరు పక్కన గరిష్ఠ పరిమితి నూరు శాతం తీసేసి యాభై పెట్టాను. ఆవిడకి విశ్రాంతిగా ఉంటుందనుకున్నాను. మిగతా సగం వయసులో ఉన్న ఓ అమ్మాయికి మార్చాను. పిన్ని ఆ కాగితం చూసి ఎవరికి ఏ పూట ఏ పనో చదివి వినిపించింది.

మధ్యాహ్నం మామ్మ నా దగ్గరికొచ్చి అరుగు మీద కూర్చుంది. "నాకు సగం రాశారంట కదండీ" అంది.

"మీకు నడుం నొప్పి కదా మామ్మా, అందుకని."

"ఆయ్. చదువుకున్నోరు, మంచికే రాసుంటారు. వంద రేకులకింత అని కదండీ మాకిచ్చేది. సగం పనంటే సగం కూలే. మరి నన్నో మాట అడగలేదేటండీ?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. అంతకంటే, ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఏడేళ్ళ క్రితం ఒకళ్ళు నన్ను ఇదే అడగాలి. అడగలేదు.

మా టీమ్‌లో ఒకమ్మాయి ప్రసవం సెలవు ముగించుకుని వచ్చింది. 2017 సవరణ తర్వాత చట్టం ఇచ్చిన ఇరవయ్యారు వారాలూ వాడుకున్న మొదటివాళ్ళలో ఆమె ఒకతె. మంచి పనిమంతురాలు. ఆమె వచ్చే వారానికి ఒక ముఖ్యమైన విడుదల ఉంది. నేను ప్లాన్ వేస్తున్నాను. చంటిపిల్ల తల్లి, రాత్రిళ్ళు నిద్ర ఉండదు, సాయంత్రం ఆరింటికల్లా వెళ్ళిపోవాలి. ఆడదాన్ని కాబట్టి నాకీ సంగతులు తెలుసు అనుకున్నాను. ఆమె పేరు పక్కన యాభై పెట్టి, ఆమె రాసిన ముఖ్యమైన భాగాన్నే ఇంకొకరికి మార్చేశాను. ఆ విషయం ఆమెకి వారపు మీటింగులో తెర మీద చూసేదాకా తెలీదు. ఆమె ఏమీ అనలేదు. నేను నా స్త్రీవాదానికి మెచ్చుకుని ఉంటానేమో, గుర్తులేదు.

ఏడాది చివర పనితీరు లెక్కలు వచ్చాయి. ఆమెకి కింది గ్రేడు ఇచ్చారు. కారణం, ఆ ఏడాది కీలకమైన పనులేవీ చెయ్యకపోవడం. సాక్ష్యం, నేను తయారుచేసిన పట్టికే. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. మరుసటి ఏడు ఆమె మానేసింది.

దీన్ని నేను చాలాకాలం పై అధికారుల పాపంగానే చెప్పుకున్నాను. గ్రేడు ఇచ్చింది వాళ్ళు కదా. కానీ మామ్మ ప్రశ్న విన్నాక ఆ సాకు నిలబడలేదు. ఆమె శక్తి ఎంతో, ఆమె ఇష్టం ఏమిటో, ఆమె బదులు నిర్ణయించింది నేను. దయతో నిర్ణయించాను. ఆడవాళ్ళ జీవితాల్లో మనల్ని అడక్కుండా తీసుకున్న నిర్ణయాలు చాలా భాగం మన మంచికోసమే తీసుకున్నవి. నాన్నలు, అన్నలు, భర్తలు చేసిన ఆ పనిని నేను ఒక గడిలో ఒక అంకెతో చేశాను.

ఇక్కడ నన్ను వెంటాడే ప్రశ్న ఒకటుంది. ఒక మనిషి పేరుని ఒక పని పక్కన రాసే హక్కు ఎవరికి, ఏ షరతు మీద ఉంటుంది?

మనిషిని "వనరు" అనడమే తప్పని కొందరు మిత్రులంటారు. వనరు అంటే నది, గని, అడవి. తవ్వుకోవడానికీ తోడుకోవడానికీ ఉన్నది. 1985లో మన కేంద్ర విద్యాశాఖ పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారినప్పుడు పిల్లలందరూ దేశానికి ముడిసరుకైపోయారు. 2020లో ఆ శాఖ మళ్ళీ విద్యాశాఖ అయింది. పేరు పోయినంత మాత్రాన ఆలోచన పోయిందని నేననుకోను. అలాగని పేరులోనే అంతా ఉందనీ అనుకోను. మా పిన్ని ఎవర్నీ వనరు అనదు. "మనిషి" అంటుంది. "ఇయ్యాళ ఇద్దరు మనుషులు తక్కువయ్యారు" అంటుంది. ఆ వాక్యంలో మనిషి అంటే చేతులే.

1785లో కాంట్ చెప్పిన ఒక సూత్రం నీతిశాస్త్రం చదివిన వాళ్ళందరికీ తెలుసు. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదు, ఎప్పుడూ ఒక లక్ష్యంగా కూడా చూడాలి. చాలామంది ఆ "కేవలం" అనే మాటని వదిలేసి చెప్తారు. ఒకరికొకరం సాధనాలం కాకుండా ఏ సమాజమూ నడవదు. నాకు మామ్మ చేతులు కావాలి, ఆవిడకి నా డబ్బు కావాలి. అందులో అవమానం లేదు. అవమానం "కేవలం"లో ఉంది. అయితే ఎక్కడి నుంచి అది "కేవలం" అవుతుంది? ఆ గీత గీసిన కాంటే 1797లో పౌరసత్వం గురించి రాస్తూ పనివాళ్ళనీ, ఆడవాళ్ళందరినీ ఓటు అర్హత లేని నిష్క్రియ పౌరులుగా పక్కన పెట్టాడు. లక్ష్యాలైన మనుషులు ఎవరో తేల్చే చోట మన పేర్లు లేవు. కాబట్టి ఆ గీతని మన అనుభవం నుంచే వెతుక్కోవాలి.

ఒక ప్రయోగం చేసి చూశాను. ఆ రాత్రి సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైలు తెరిచి మా అమ్మ పేరు రాశాను. అమ్మ ఇప్పుడు లేదు. నాకు గుర్తున్న ఒక రోజుని, నా పదో తరగతి నాటి రోజుని, పనులుగా విడగొట్టి ఆమెకి కేటాయించాను. ప్రతి మనిషికీ ఒక క్యాలెండర్ ఇవ్వాలి. మామూలు ఉద్యోగికి రోజుకి ఎనిమిది గంటలు. ఇంకొకటి ఇరవైనాలుగు గంటల క్యాలెండర్, ఆగకుండా నడిచే యంత్రాల లాంటివాటికి పనికొచ్చేది. అమ్మకి అదే సరిపోయింది. తర్వాత గంటకి రేటు అడిగింది. ఏమీ రాయకపోతే సున్నా ఉంటుంది. అలాగే వదిలేశాను. తర్వాత గరిష్ఠ పరిమితి. ఇక్కడ ఆగిపోయాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో వనరులు మూడు రకాలు. పనిచేసేవి, సరుకులు, ఖర్చులు. పనిచేసే వనరుకి పరిమితి ఉంటుంది. అది దాటితే పేరు ఎర్రబడుతుంది. సిమెంటూ ఇటికలూ లాంటి సరుకుకి మాత్రం పరిమితి గడి ఉండదు, ఎంత కావాలంటే అంత. మా ఇంట్లో అమ్మ రకం ఏమిటో నాకప్పుడు తెలిసింది. తేడా ఒక్కటే. సరుకుకైనా ధర ఉంటుంది.

సరే, మనిషి కిందే నమోదు చేసి పరిమితి పెట్టాను. ఉదయం ఏడుకల్లా అమ్మ పేరు ఎర్రబడింది. ఇలాంటప్పుడు సర్దుబాటు చేసే మీట ఒకటుంటుంది. అది నొక్కితే తక్కువ ప్రాధాన్యం ఉన్న పనులు వెనక్కి జరుగుతాయి, లేదా ముక్కలవుతాయి. ప్రాధాన్యం సున్నా నుంచి వెయ్యి దాకా. వెయ్యి ఇస్తే ఆ పని ఎన్నటికీ జరగదు. నాన్న కాఫీ వెయ్యి. నా లంచ్ బాక్స్ వెయ్యి. నాయనమ్మ మందులు వెయ్యి. మీట నొక్కాను. అమ్మ నిద్ర అర్ధరాత్రి దాటింది. అమ్మ చదువుదామని దిండు కింద పెట్టుకున్న వారపత్రిక ఆ రోజులోంచే వెళ్ళిపోయి మరుసటి రోజుకి, అక్కణ్ణించి ఆ మరుసటి రోజుకి జరిగింది. రాజమండ్రిలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి కంటి నిండా నిద్ర కోసం అల్లాడే ఇల్లాలి గురించి "సుఖాంతం" ఎందుకు రాశారో ఆ గీతల పటం చూస్తే కొత్తగా అర్థమైంది.

ఇంకో సంగతి. ఆ మీట పనుల్ని జరుపుతుంది, ముక్కలు చేస్తుంది. పని ఎవరిదన్నది మాత్రం మార్చదు. ఎర్రబడ్డ పేరు పక్కన ఖాళీగా ఉన్న పేరుంటే "ఇతనికి ఇవ్వొచ్చు కదా" అని అడగదు. మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. నేను కూడా.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదని లెక్కలు చెప్తున్నాయి. దేశమంతటా కాల వినియోగ సర్వే మొదటిసారి 2019లో జరిగింది. ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసిన మగవాళ్ళు 97 నిమిషాలు జీతం లేని ఆ పనిలో గడిపారు. 2024 సర్వేలో అవి 289, 88. అయిదేళ్ళలో మన భారం పది నిమిషాలు తగ్గితే వాళ్ళది తొమ్మిది తగ్గింది. అంతకుముందు 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. అంటే మా అమ్మ బతికిన ఏ రోజునీ ఎవరూ లెక్కపెట్టలేదు. జాతీయాదాయంలో స్త్రీల శ్రమ ఎలా మాయమవుతుందో న్యూజీలాండ్‌కి చెందిన మారిలిన్ వేరింగ్ 1988లోనే పుస్తకంగా రాసింది. ఇంటి చాకిరీకి జీతం కావాలని 1970లలో సెల్మా జేమ్స్, సిల్వియా ఫెడరిచి లాంటివాళ్ళు ఉద్యమించిందీ ఇందుకే.

చిక్కు ఇక్కడే ఉంది. లెక్కలోకి వస్తే మనం వనరులమైపోతాం. నా సహోద్యోగి అయినట్టు, మామ్మ అయినట్టు. లెక్కలోకి రాకపోతే అసలు లేకుండా పోతాం, అమ్మలాగా. చాలాకాలం నేను ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలేమో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అమ్మకి జరిగింది లెక్క లేకపోవడం కాదు. ఆమె పని కేటాయింపు ఎప్పుడో అయిపోయింది. పట్టిక లేకుండా, గడి నింపకుండా, పుట్టుకతోనే.

పుట్టుకతో జరిగే కేటాయింపు గురించి మాట్లాడితే మా జిల్లా పేరు తలచుకోక తప్పదు. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి నుంచి విడిపోయి కోనసీమ జిల్లా అయ్యాం. దానికి అంబేద్కర్ పేరు పెడతామంటే మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. అదే ఏడు ఆ పేరు ఖాయమైంది. ఆ అంబేద్కరే 1936లో కుల నిర్మూలన గురించి రాస్తూ, కులం పనిని విభజించడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళని విభజించడం అన్నాడు. మనిషి సామర్థ్యమూ ఇష్టమూ చూడకుండా తల్లిదండ్రుల్ని బట్టి పని అంటగట్టడం అన్నాడు. తల్లిదండ్రులు అన్న చోట లింగం అని చేర్చి చదివితే అది మా అమ్మ కథ. మా ఊళ్ళో కూడా ఎవరు కుండ దగ్గర కూర్చోవాలి, ఎవరు పెరట్లో ఆకులు ఏరాలి అన్నదాన్ని ఒకప్పుడు చేతి పనితనం తేల్చలేదు. ఈ పాత పట్టికతో పోలిస్తే నా సాఫ్ట్‌వేర్ నయమేనని కూడా ఒప్పుకోవాలి. దానిలో పేరు చెరిపి ఇంకో పేరు రాయొచ్చు. ఆ పాత పట్టికలో చెరపబోయిన వాళ్ళనే చెరిపేశారు.

అయితే తేడా ఎక్కడుంది? అడగడంలో ఉందని మొదట అనుకున్నాను. పుట్టుక అడగదు. నా పట్టిక అడగలేదు. అడిగి రాస్తే న్యాయం. మామ్మ కోరింది కూడా అదే కదా.

కానీ ఈ జవాబు సగమే. నా సహోద్యోగిని అడిగాననుకుందాం. "నీకెంత రాయను?" అంటే ఆమె ఏమంటుంది? యాభై అంటే గ్రేడు పోతుందని తెలుసు. "నూరు రాయండి" అంటుంది. ఆ నూరుని నేను ఆమె ఇష్టంగా రాసుకుని చేతులు దులుపుకుంటాను. మామ్మని అడిగితే "చేస్తానండి" అంటుంది, ఎందుకంటే తక్కువ అంటే తక్కువ కూలి. భయంతోనూ ఆకలితోనూ వచ్చిన "సరే"ని సమ్మతి అనుకోకూడదని మనం పెళ్ళి గురించీ, పడగ్గది గురించీ చాలా రాశాం. పని గురించి అంతగా రాయలేదు. తక్కువ అని చెప్పినందుకు శిక్ష పడని చోటే అడగడానికి అర్థం ఉంటుంది. నాకు కనబడిన గీత అది. కాదనడానికి వీల్లేని మనిషికి పని కేటాయిస్తే, ఎంత మర్యాదగా అడిగినా, ఆమెని కేవలం సాధనంగా చూసినట్టే.

ఆ సాయంత్రం పిన్ని ఏం చేసిందో చెప్పాలి. కొట్టంలో అందర్నీ కూచోబెట్టి నా కాగితం మధ్యలో పెట్టింది. "ఏవే, నీ వల్ల ఎంతవుద్దో నువ్వే చెప్పు" అని మామ్మని అడిగింది. ఎండెక్కే దాకా కుండ దగ్గర, తర్వాత నీడలో చుట్టే పని చేస్తానంది మామ్మ. "మరి చుట్టే పనికి కూలి తక్కువ కదా" అని తనే అంది. పిన్ని కాసేపు ఆలోచించి, ఈ ఆరు రోజులూ రేకు లెక్క కాదు, అందరికీ రోజు లెక్క అంది. చురుగ్గా తీసే ఇద్దరు సణిగారు, వాళ్ళకి నష్టమే మరి. పిన్ని వాళ్ళతో విడిగా మాట్లాడి ఏదో సర్దింది. ఆర్డరు అరపూట ఆలస్యమైనా అందింది.

దీన్ని ఊరి ఆడవాళ్ళ సహజమైన మంచితనంగా చెప్పి ముగించడం నాకు ఇష్టం లేదు. పిన్ని యజమాని. ఆ వారం రెండు ఆర్డర్లున్నాయి కాబట్టి ఇవ్వగలిగింది. ఆషాఢంలో గిరాకీ తగ్గితే మామ్మకి ఏమిస్తుందో ఆవిడే చెప్పలేదు. దయ మీద ఆధారపడ్డ న్యాయం, దయ తగ్గిన రోజున పోతుంది. నా సహోద్యోగికి కనీసం సెలవు చట్టం ఉంది. ఇళ్ళలో ముక్క లెక్కన పనిచేసేవాళ్ళకి కూడా మిగతా కార్మికులతో సమాన హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దానికోసం పోరాడినవాళ్ళలో మన సేవా సంఘం ముందుంది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకూ గర్వంగానే ఉంది. రేకుకి ఊరి పేరు కాపాడే చట్టం ఉంది. రేకు తీసిన మనిషి నడుముని కాపాడే చట్టం ఇంకా ఆ కొట్టం దాకా రాలేదు.

ఊరొదిలే ముందురోజు ఆ కాగితాన్ని మళ్ళీ చూశాను. ఏడుగురి పేర్లున్నాయి. పిన్ని పేరు లేదు. నాలుగింటికి లేచి మంట వేసేది ఆవిడ, అందరికీ టీ పెట్టేది, నెయ్యి కాచేది, లెక్క చూసేది ఆవిడ. పనులు కేటాయించేదాన్ని ఆవిడని కాబట్టి పనిచేసేదానిగా నా కంటికి ఆనలేదు. మా ఆఫీసు ప్లాన్లలో కూడా నా పేరు ఉండదు. ఎవరి పేరు పక్కనా లేని పనులన్నీ చివరికి నేను చేస్తాను, ఎక్కడా రాయను. అమ్మ అలవాటు ఎక్కడికీ పోలేదు. దాంతోపాటు ఇంకోటి కూడా. తన పేరు రాసుకోనివాళ్ళకి ఇతరుల పేరు పక్కన అంకె రాయడం తేలిక. ఆ అంకె బరువు తమ మీద పడదు కనక.

హైదరాబాద్ వచ్చాక మూడు చిన్న మార్పులు చేసుకున్నాను. ఎవరి పరిమితి వాళ్ళే రాసుకుంటారు. తక్కువ రాసుకున్న నెలని పనితీరు లెక్కలో కలపకూడదని రాతపూర్వకంగా ఒప్పించడానికి ప్రయత్నిస్తున్నాను. ఇంకా ఒప్పుకోలేదు. పట్టికలో మొదటి వరసలో నా పేరుంటుంది, నేను నిజంగా చేసే గంటలతో. మొదటి వారమే అది ఎర్రబడింది. మీటింగులో అందరూ చూశారు. నాకు సిగ్గనిపించింది, ఎందుకో.

ఆమె నంబరు వెతికి ఫోన్ చేశాను. ఆ రోజు యాభై రాసింది నేనేనని, అడక్కుండా రాశానని, గ్రేడుకి అదే కారణమైందని చెప్పాను. ఆమెకి అది అప్పుడే తెలుసు. "అప్పుడు మీరడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు" అంది. కాసేపటికి, "అయినా అడగాల్సింది" అంది. తర్వాత వాళ్ళ పాప స్కూలు బస్సు వచ్చిందని ఫోన్ పెట్టేసింది.